రెండో వైపు ఐదో పాట

1957 జూన్ 7. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో నాక్స్‌విల్ ఊరి చివర ఒక ట్రైలర్ ఇల్లు. డాన్ గిబ్సన్ అనే 29 ఏళ్ల పాటగాడు అందులో ఉంటున్నాడు. వాయిదాలు బాకీ పడటంతో ఆ రోజు మనుషులొచ్చి టీవీ పట్టుకుపోయారు. వాక్యూమ్ క్లీనర్ కూడా పట్టుకుపోయారు. బోసిపోయిన ఇంట్లో కూర్చుని గిబ్సన్ రెండు పాటలు కట్టాడు.

ఒకటి 'ఓ లోన్సమ్ మీ'. ఇంకొకటి 'ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ'. విడిపోయిన మనిషిని మరిచిపోలేక, పాత రోజులు తలుచుకుంటూనే బతికేద్దామనుకున్నవాడి పాట ఇది.

మరుసటి ఏడు రెండు పాటలూ ఒకే చిన్న రికార్డు మీద వచ్చాయి. 'ఓ లోన్సమ్ మీ' ముందు వైపు, రెండోది వెనక వైపు. ముందు వైపు పాట కంట్రీ జాబితాలో ఒకటో స్థానానికి ఎక్కింది. వెనక వైపు పాట ఏడో స్థానం దగ్గర ఆగింది.

ఆ జాబితాలు వేసేది 'బిల్‌బోర్డ్' పత్రిక. నల్లవాళ్ల పాటలకు అందులో 'రేస్ రికార్డ్స్' పేరుతో వేరే జాబితా ఉండేది. 1949లో ఆ పేరు తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అని పెట్టారు. పల్లెటూళ్ల తెల్లవాళ్ల పాటల జాబితాకు అదే ఏడు 'కంట్రీ అండ్ వెస్టర్న్' అని పేరు పెట్టారు. గిటారు, ఫిడేలు, బాంజో ఆ పాటల వాద్యాలు. 1958 నుంచి అన్ని రకాల పాటలకూ కలిపి 'హాట్ 100' అనే పెద్ద జాబితా మొదలైంది.

వెనక వైపు పాటను నాలుగేళ్ల తర్వాత ఇంకొకరు అందుకున్నారు. ఆయన పేరు రే చార్ల్స్.

రే 1930లో జార్జియాలో పుట్టాడు. పెరిగింది ఫ్లోరిడాలోని గ్రీన్‌విల్ అనే చిన్న ఊళ్లో. తల్లి నలుగురి బట్టలూ ఉతికి పిల్లల్ని పోషించేది. రేకి అయిదేళ్లప్పుడు అతని కళ్లముందే తమ్ముడు బట్టలుతికే తొట్టిలో పడి మునిగిపోయాడు. ఏడో ఏటికి రేకి చూపు పూర్తిగా పోయింది.

తల్లి అతన్ని సెయింట్ అగస్టీన్‌లోని సర్కారు అంధుల బడిలో చేర్చింది. ఆ బడిలో తెల్ల పిల్లలకు ఒక భాగం, నల్ల పిల్లలకు ఒక భాగం. చూపు లేని పిల్లల్ని కూడా రంగు చూసే కూర్చోబెట్టారు. రే అక్కడే బ్రెయిలీలో సంగీతం చదవడం నేర్చుకున్నాడు. ఒక చేత్తో చుక్కలు తడమాలి, రెండో చేత్తో పియానో వాయించాలి. రెండు చేతులా వాయించాలంటే ముందు కంఠతా పట్టాలి.

ఇంట్లో ఉన్నప్పుడు శనివారం రాత్రి వస్తే పిల్లవాడు నిద్రపోయేవాడు కాదు. నాష్‌విల్ నుంచి రేడియోలో 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' కార్యక్రమం వచ్చేది. అన్నీ కంట్రీ పాటలే. ఆ ఒక్క రాత్రి మేలుకోవడానికి తల్లి ఒప్పుకునేది. రేకి 14 ఏళ్లప్పుడు ఆమె చనిపోయింది. బడి మానేసి పియానో పట్టుకుని ఊళ్లు తిరిగాడు. టాంపాలో 'ఫ్లోరిడా ప్లేబాయ్స్' అనే కంట్రీ బృందంలో కొన్నాళ్లు వాయించాడు. మిగతావాళ్లంతా తెల్లవాళ్లు.

తర్వాత చర్చి పాటనూ బ్లూస్‌నూ కలిపి పాడాడు. ఆదివారం ప్రార్థనలో పాడుకునే బాణీకి శనివారం రాత్రి మాటలు అతికించాడని భక్తులు తిట్టారు. జనం మాత్రం కొన్నారు. 1959 చివర్లో ఏబీసీ పారమౌంట్ రికార్డుల కంపెనీ అతన్ని తీసుకుంది. పాడిన పాటల మూల టేపుల మీద హక్కు తనకే ఉండాలని అడిగి రాయించుకున్నాడు. పేరున్న తెల్ల గాయకులకే అప్పట్లో అది దక్కడం అరుదు. 1960లో ఒక పాట, 1961లో ఇంకొక పాట హాట్ 100లో ఒకటో స్థానానికి వెళ్లాయి.

1961 మార్చిలో జార్జియాలోని అగస్టాలో కచేరీకి ఒప్పుకున్నాడు. తర్వాత సంగతి తెలిసింది. కింద నాట్యం చేసే హాలు తెల్లవాళ్లకు, పై బాల్కనీ నల్లవాళ్లకు. రే పాడలేదు. కచేరీ పెట్టించినవాళ్లు కోర్టుకు వెళ్లారు.

1962 మొదట్లో రే తన రికార్డుల వ్యవహారం చూసే సిడ్ ఫెల్లర్‌కు ఫోన్ చేసి, గత ఇరవై ఏళ్లలో వచ్చిన మంచి కంట్రీ పాటలన్నీ పోగుచేయమన్నాడు. న్యూయార్క్ మనిషి ఫెల్లర్‌కు ఆశ్చర్యం వేసింది. అయినా హక్కులున్న కంపెనీలన్నిటికీ కబురు పెట్టాడు. దాదాపు 250 పాటలు చేరాయి.

కంపెనీ అధిపతి శామ్ క్లార్క్ వద్దన్నాడు. ఉన్న అభిమానులు పోతారని భయపడ్డాడు. పోయేవాళ్లకంటే వచ్చేవాళ్లే ఎక్కువుంటారని రే జవాబిచ్చాడు.

250లో 12 తీసుకున్నాడు. అందులో గిబ్సన్ పాట ఒకటి.

ఫిబ్రవరిలో రికార్డింగు జరిగింది. కొన్ని పాటలు న్యూయార్క్‌లో, కొన్ని హాలీవుడ్‌లో. మాటలు గిబ్సన్‌వే, బాణీ గిబ్సన్‌దే. ఒక ఫిడేలు, ఒక బాంజో ఉండాల్సిన చోట వయొలిన్ల వరస కూర్చుంది. వెనక పెద్ద బృందగానం. బృందం నిదానంగా, నునుపుగా ఒక చరణం పాడుతుంది. రే దానికి బదులిస్తాడు. ఒక మాట ముందే అందుకుంటాడు, ఇంకొక మాట దగ్గర ఆగిపోతాడు, మరొక మాట దగ్గర గొంతు పగులుతుంది. నల్లవాళ్ల చర్చిలో బోధకుడు ఒకటంటే జనం ఒకటనే పద్ధతి అది. ఇక్కడ బృందమే ముందు, బోధకుడు తర్వాత.

పన్నెండు పాటలూ ఒక ఎల్పీగా, అంటే పెద్ద రికార్డుగా తయారయ్యాయి. వైపుకు ఆరు. పేరు 'మోడర్న్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్'.

ఏ పాట ఎక్కడ పెట్టాలన్నది ఫెల్లర్ పని. గట్టి పాటలు వైపు మొదట్లో పెడతారు. ముల్లు పెట్టగానే వినపడేవి అవి. చివరి పాట కూడా బాగుండాలి, చెవిలో నిలిచేది అదే. బలం లేదనుకున్న పాటను రెండో వైపు చివరిదానికి ముందు దూరుస్తారు. గిబ్సన్ పాట మీద ఫెల్లర్‌కు పెద్ద ఆశ లేదు. దాన్ని రెండో వైపు ఐదో పాటగా పెట్టాడు.

ఏప్రిల్‌లో ఎల్పీ కొట్లకు వచ్చింది. రేడియోల్లో రికార్డులు వేసేవాళ్లు దాన్ని తిప్పి, ముల్లును నాలుగు పాటలు దాటించి, ఐదో పాట మీద పెట్టడం మొదలుపెట్టారు. ఆ ఒక్క పాటా విడిగా కావాలని జనం అడిగారు. విడిగా లేదు. నాలుగు నిమిషాల పైచిలుకు పాట అది. చిన్న రికార్డుకు నిడివి ఎక్కువని కంపెనీ ఆ ఆలోచనే పెట్టుకోలేదు.

టాబ్ హంటర్ ఆ ఆలోచన పెట్టుకున్నాడు. అతను హాలీవుడ్ నటుడు, అందగాడు, పాటలూ పాడేవాడు. రే పాటను అదే పోకడలో పాడి చిన్న రికార్డు సిద్ధం చేశాడు. ఆ కబురు శామ్ క్లార్క్ చెవిన పడింది. రే పాటను కత్తిరించి వెంటనే విడుదల చేయాలన్నాడు. ఫెల్లర్ కూర్చుని నాలుగు నిమిషాల పాటను కుదించాడు. చిన్న రికార్డు హడావిడిగా బయటికి వచ్చింది. దాని వెనక వైపు 'బార్న్ టు లూజ్'. అదీ కంట్రీ పాటే. గిబ్సన్ పాట ఈసారి ముందు వైపు ఉంది.

టాబ్ హంటర్ రికార్డును జనం మరిచిపోయారు.

జూన్ మొదటి వారానికి రే పాట హాట్ 100లో ఒకటో స్థానానికి వెళ్లింది. అయిదు వారాలు అక్కడే ఉంది. రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో ఒకటో స్థానం. పెద్దవాళ్లు వినే మెత్తటి పాటలకు వేరే జాబితా ఉంది, అందులోనూ ఒకటో స్థానం. జూలైలో సముద్రం దాటి బ్రిటన్‌లో కూడా ఒకటో స్థానం. పది లక్షలకు పైగా రికార్డులు అమ్ముడుపోయాయి. ఎల్పీల జాబితాలో ఒకటో స్థానంలో కూర్చున్న 'వెస్ట్ సైడ్ స్టోరీ' సినిమా పాటల ఎల్పీని రే ఎల్పీ దింపింది. 14 వారాలు తాను కూర్చుంది.

ఆ జూన్‌లోనే అట్లాంటా కోర్టు అగస్టా కచేరీ కేసులో తీర్పు చెప్పింది. పాడనందుకు రే 757 డాలర్లు కట్టాలి.

రేని తెల్లవాళ్లు వింటున్నారు, నల్లవాళ్లు వింటున్నారు, పట్నాలవాళ్లు వింటున్నారు. కంట్రీ పాట అంటే చిన్నచూపు ఉన్నవాళ్లు కూడా కంట్రీ పాట కొనుక్కుని ఇంటికి తీసుకెళ్లారు. గిబ్సన్ పేరు రచయితగా దేశమంతా తెలిసింది. ఏడాది తిరక్కుండానే రే రెండో సంపుటం విడుదల చేశాడు. అందులోనూ కంట్రీ పాటలే.

మరుసటి ఏడు గ్రామీ బహుమతులు ప్రకటించారు. గిబ్సన్ ట్రైలర్ ఇంట్లో కట్టి, రే 'కంట్రీ అండ్ వెస్టర్న్' అని అట్ట మీద అచ్చేయించిన ఎల్పీలోంచి వచ్చిన ఆ పాటకు బహుమతి వచ్చింది. ఉత్తమ రిథమ్ అండ్ బ్లూస్ రికార్డింగు.

రే తర్వాత నలభై ఏళ్లు పాడాడు. కంట్రీని వదల్లేదు. విల్లీ నెల్సన్‌తో కలిసి పాడిన 'సెవెన్ స్పానిష్ ఏంజెల్స్' 1985లో కంట్రీ జాబితాలో ఒకటో స్థానం అందుకుంది. 2004 జూన్ 10న రే చనిపోయాడు.

నాష్‌విల్‌లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. కంట్రీ సంగీతంలో అంతకంటే పెద్ద గౌరవం లేదు. ఎంపికైనవాళ్ల ముఖం చెక్కిన కంచు ఫలకాన్ని గోడకు తగిలిస్తారు. ఫలకాలుండే గది గుండ్రంగా ఉంటుంది. అందరికీ సమానమైన చోటు ఉండాలని అలా కట్టారు. గిబ్సన్ ఫలకం 2001లో అక్కడికి చేరింది. 2021లో రే చార్ల్స్‌ను ఎంపిక చేశారు. 2022 మే 1న సభ జరిగింది. ఆ సంగీతానికి కొత్త శ్రోతల్ని తెచ్చినవాడిగా, దాని తలుపులు బార్లా తెరిచినవాడిగా ఆయన్ని అక్కడ తలుచుకుంటారు. అందుకు రుజువుగా చూపేది 1962 ఎల్పీని, రెండో వైపు ఐదో పాటను.

బిల్‌బోర్డ్ పాత కంట్రీ జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. 'ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ' పేరు వాటిలో కనిపిస్తుంది. 1958లో డాన్ గిబ్సన్ పాడినది, ఏడో స్థానం. అదే ఏడు కిటీ వెల్స్ పాడినది, మూడో స్థానం. 1972లో కాన్వే ట్విట్టీ పాడినది, ఒకటో స్థానం.

1962లో ఆ జాబితాకు ముప్పై స్థానాలు ఉండేవి. రే చార్ల్స్ పాట ఒక్క వారమైనా ముప్పయ్యో స్థానంలో కూడా లేదు.