కోట దగ్గరే ఆగిపోకండి: సోలాపూర్ మరమగ్గం ఆత్మకథ

నేను సోలాపూర్ తూర్పు పేట అయిన పూర్వభాగ్‌లో, తెలుగు పద్మశాలీల కార్ఖానాలో చద్దర్లు నేసే మరమగ్గాన్ని. నా తలమీద జకార్డు, దానికి చిల్లులు పొడిచిన అట్టల దండ. ఆ చిల్లులను బట్టి పడుగు పోగులు లేస్తాయి, మధ్యలోంచి నాడె దూరిపోతుంది, చద్దరులో పువ్వు పడుతుంది. ఈ ఊరు చూడవచ్చినవాళ్లు భుయికోట్ కోట చూస్తారు, చెరువులోని సిద్ధేశ్వరుడి గుడి చూస్తారు, ఒక చద్దరు కొని రైలెక్కుతారు. అది నేసిన పేటల వైపు మాత్రం రారు. రావాలని నా వాదన. పాత ఊరి చరిత్ర రాళ్లతో ముగిసిపోదు. ఆ ఊరిని నేటికీ పోషిస్తున్న పని కూడా చరిత్రే.

మెక్సికోలోని మెరీడా నగరం సంగతి చూడండి. 1542లో స్పెయిన్ వాళ్లు దాన్ని మాయా ప్రజల తిహో పట్టణం మీద కట్టారు, పాత కట్టడాల రాళ్లనే కొత్త గోడలకు వాడుకున్నారు. అక్కడి చర్చినీ, దగ్గరలోని ఉష్మల్ శిథిలాలనూ చూసినవాళ్లకు మాయా జాతి ఎప్పుడో అంతరించిందనిపించవచ్చు. నిజానికి ఆ ప్రాంతంలో లక్షల మంది ఇప్పటికీ మాయా భాష మాట్లాడతారు. పందొమ్మిదో శతాబ్దం చివర మెరీడాకు సంపద తెచ్చింది హెనెకెన్ అనే కిత్తనార. దాన్ని కోసింది ఎక్కువగా అప్పులకు కట్టుబడిన మాయా కూలీలే. శిథిలాలొక్కటే చూస్తే ఆ చేతులు కనబడవు.

ఇక్కడా అంతే. 1870లలో సోలాపూర్‌లో బట్టల మిల్లు వెలిసింది. కరువూ పనిలేమీ తరిమితే నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెల నుంచి నేత కుటుంబాలు వచ్చి చేరాయి. మగ్గంతో పాటు మార్కండేయుడి గుడినీ, రథోత్సవాన్నీ, తెలుగు బడినీ నిలబెట్టుకున్నాయి. 1930 మేలో గాంధీజీ అరెస్టుకు నిరసనగా మిల్లు కార్మికులు వీధుల్లోకి వస్తే ఆంగ్లేయులు మార్షల్ లా పెట్టారు. ఆ ఆందోళన కేసులో 1931 జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సార్డాలను ఉరితీశారు. ఈ కథ కోట బురుజుల కన్నా కార్మికుల పేటలకే బాగా తెలుసు.

ఇనుప యంత్రానికి చరిత్రేమిటని కొందరంటారు. నా ఇనుము కొత్తదే కావచ్చు. కానీ ఈ అట్టల పద్ధతి 1804 నాటి ఫ్రాన్సుది, పువ్వును లెక్కగట్టి అట్టల్లోకి ఎక్కించే నేర్పు పెద్దల నుంచి పిల్లలకు దిగివచ్చింది. కోటలా అది ఒకసారి కట్టి వదిలేస్తే నిలిచేది కాదు, పని ఆగితే ఒక తరంలోనే పోతుంది. ఇంకో అభ్యంతరం బరువైనది: నేతగాడికి కావలసింది కూలి, చూసిపోయేవాళ్లు కాదని. కూలి మాట నిజమే. అయితే సోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు ఉన్నా దాని పేరుతో నకిలీలు అమ్ముడవుతున్నాయి. నేత పువ్వు రంగులు తారుమారై వెనుక వైపూ కనిపిస్తుందని, అద్దిన పువ్వు అలా ఉండదని మగ్గం దగ్గర నిలబడి చూసినవాళ్లు ఇక మోసపోరు, తగిన ధర ఇవ్వడానికి వెనుకాడరు. అందుకే కోట చూశాక ఈ పేటలకూ రండి. అడిగి లోపలికి రండి, పని ఆపించకుండా చూడండి, నేసినవాళ్లకు డబ్బు దక్కేలా కొనండి.