గానిమీడ్ శ్వాసవిజయం

స్వస్తి! బృహస్పతి పరివార చక్రవర్తి, బుధగ్రహ గర్వాపహారి, 5,268 కిలోమీటర్ల వ్యాస విరాజితుడు, హిమకవచధారి శ్రీశ్రీ గానిమీడ్ చంద్రమహారాజుల వారి ఊపిరి ఈ కావ్యానికి నాయకుడు. ధీరోదాత్తుడే గాని, ఒంట్లో కండ లేదు.

ప్రథమాశ్వాసం

1972 జూన్ 7. పేరుకు నోచుకోక ఎస్‌ఏఓ 186800 అనే అంకెతో కాలక్షేపం చేస్తున్న ఓ చిరుచుక్కను మహారాజు తన మేనితో కప్పేశాడు. జావాలోని లెంబాంగ్ నుంచి ఒక సేన దుర్భిణి ఎక్కుపెట్టింది. హైదరాబాదులో పెరిగిన వైను బప్పు నెలకొల్పిన కావలూరు వేధశాల నుంచి, కొత్తగా వచ్చిన మీటరు అద్దపు అస్త్రంతో ఇంకో సేన కాచుకుంది. గాలి లేని గోళం అడ్డొస్తే చుక్క టక్కున మాయమవ్వాలి. ఇది మసకబారుతూ మరుగైంది! భూమ్మీది వాయుపీడనంలో పదిలక్షో వంతైనా అక్కడ ఉండి తీరుతుందని యోధులు చాటారు. భేరీలు మోగాయి.

ద్వితీయాశ్వాసం

1979లో వాయేజర్-1 వ్యోమనౌక స్వయంగా దండెత్తి వెళ్లింది. మరో చుక్క మరుగవుతుంటే అతినీలలోహిత నేత్రంతో గుచ్చిగుచ్చి చూసింది. గాలి జాడ లేదు. ఉన్నా పాత లెక్కలో దాదాపు లక్షో వంతుకు మించదని తేల్చింది. భేరీలు ఆగాయి; నాయకుడు మూర్ఛిల్లాడు.

తృతీయాశ్వాసం

ఇక ఘోరయుద్ధం. బృహస్పతి అయస్కాంత సామ్రాజ్యం నుంచి ఎలక్ట్రాన్లు, అయాన్లు తండోపతండాలుగా వచ్చి మంచుకోట మీద విరుచుకుపడ్డాయి. నీటి అణువులు ఛిన్నాభిన్నమయ్యాయి. ఒళ్లు తేలికైన హైడ్రోజన్ వెన్నుచూపి అంతరిక్షానికి పరారైంది. బరువైన ఆక్సిజన్ నిలబడి పోరాడింది. ఎలక్ట్రాన్ల దెబ్బకు పగులుతూ కూడా వెలుగు చిమ్మింది. 1996లో హబుల్ అంతరిక్ష దుర్భిణి ఆ వెలుగును ఒడిసిపట్టింది: 130.4, 135.6 నానోమీటర్ల దగ్గర రెండు సన్నని గీతలు. రెండోదానిదే పైచేయి. జంట పరమాణువుల ఆక్సిజన్ పగిలితేనే ఆ తీరు! వేగుల్లాంటి ఆ రెండు గీతల సాక్ష్యం కుదిరింది; మూర్ఛపోయిన నాయకుడు కళ్లు తెరిచాడు.

అస్త్రాలకు పదును పెరిగిన కొద్దీ నాయకుడు చిక్కిపోయాడు. అంత చిక్కాకే చేతికి చిక్కాడు.

ఫలశ్రుతి

ఈ కథ చదివినవారు, విన్నవారు ఆయురారోగ్యాలతో వర్ధిల్లుతారు. గానిమీడ్ వెళ్లి ప్రాణాయామం మొదలెట్టేవారికి మాత్రం కవి పూచీ లేదు.