రెండు కొట్ల నడిమి గోడను

విజయనగరం గంటస్తంభం బజారులో రెండు కొట్ల నడుమ ఉన్న గోడను నేను. కుడిపక్క వాళ్లు నన్ను తమ గోడంటారు, ఎడమపక్క వాళ్లూ అంతే. ఇద్దరి మాటా నిజమే. అటు దూలాల కొసలూ ఇటు దూలాల కొసలూ నాలోనే దిగి ఉన్నాయి.

నా వయసుకు కాగితం లేదు. 1885లో ఎనిమిది పలకల గంటస్తంభాన్ని ఇసుకరాతితో 68 అడుగుల ఎత్తు లేపుతున్నప్పటికే నా మీద కప్పు పడింది.

నన్ను కట్టిన తీరు చెప్పాలి. ఎద్దులు గానుగ తిప్పుతుంటే సున్నం, ఇసుక మెత్తగా నలిగేవి. అందులో కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. బజారు వైపు జాగా ప్రియం కనక కొట్టు ముఖం ఇరుకు, లోతు ఎక్కువ. ముందు అరుగు, వెనక కొట్టు, సరుకు గది, ఆ వెనక ఇల్లు, పెరడు. తలుపులంటే అంకెలు వేసిన చెక్క పలకలే. పొద్దున్నే ఒక్కొక్కటీ ఊడదీసి, రాత్రి అదే వరసలో గాడిలోకి తోసేవారు. వరస తప్పితే ఆఖరి పలక పట్టదు. పైన మద్రాసు మిద్దె: టేకు దంతెల మీద సన్న ఇటుకల్ని ఏటవాలుగా నిలబెట్టి, సున్నంతో బిగించి, దాని మీద గచ్చు కొట్టారు. ఆ పని తెలిసిన తాపీమేస్త్రిని ఇప్పుడు వెతికి పట్టుకోవాలి.

నా గూళ్లలో ఒకదాంట్లో దీపం, ఒకదాంట్లో జమాఖర్చుల పుస్తకం ఉండేవి. ఒకపక్క బుడితి ఇత్తడి సామాను తూచేవారు, ఇంకోపక్క పొందూరు ఖద్దరు కొలిచేవారు. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ నాడు పల్లెల జనం మా అరుగుల మీదే సద్దిమూటలు విప్పేవారు.

ఓసారి ఇంజినీరింగు చదివే కుర్రాడొకడు నన్ను తడిమి చూస్తూ, 1666లో లండన్ తగలబడ్డాక ఇళ్లకు ఇటుక గోడలో రాతి గోడలో ఉండాలని అక్కడ చట్టం చేశారని స్నేహితుడికి చెప్పాడు. విక్టోరియా కాలంలో ఆ దేశపు బజారు వరసలూ ఇలా ఉమ్మడి గోడలతోనే లేచాయట. ఒక కొట్లో నిప్పు పుడితే పక్క కొట్టుకు పాకనివ్వని అడ్డు నాలాంటి గోడే. నా పని విలువ ఆ రోజు ఇంకొకరి నోట విన్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గాలికి రేకులు ఎగిరాయి. మా వరస మాత్రం భుజం భుజం కలిపి నిలిచింది. గాలికి ఓర్చాను గానీ సిమెంటుకు ఓర్వలేకపోయాను. సున్నపు గోడ తడిని పీల్చి తిరిగి వదులుతుంది. అందమని ఒకపక్క సిమెంటు పూశారు. లోపలి తడికి దారి మూసుకుపోయి ఉప్పు పొంగింది, ఇటుక పొడిరాలుతోంది. ఇంకోపక్క వారు కొట్టు పడగొట్టి కాంక్రీటు మేడ కట్టాలనుకుంటున్నారు. "ఏటి బావూ, ఆ గోడ తీసెత్తే మా దూలాలు దేనిమీద నిలుత్తాయి?" అని ఇవతలాయన అడుగుతున్నాడు. న్యాయమైన ప్రశ్న. మా ఊరి పాత గుర్తు మూడు లాంతర్ల కట్టడాన్ని 2020లో కూల్చాకే ఊరు గొల్లుమంది. ముందే అడిగితే మేలు.

పాత బజారులో కొట్టున్న వారికి నా మనవి: పలుగు పట్టే ముందు పక్కవారి దూలం ఎక్కడ దిగిందో చూపించుకోండి. అతుకు వేయాలంటే సున్నంతోనే వేయండి.