నాకు రెండు పద్దులు

నేను మీటరుని. విజయవాడలో ఒక మేడ ఇంటి ముందు గోడకు, గేటు పక్కన బిగించి ఉంటాను. నాకు ముందు ఈ గోడ మీద ఉన్న పాత మీటరుకు ఒకటే పని, స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చిన కరెంటును లెక్కపెట్టడం. నాకు రెండు పద్దులు. ఇంట్లోకి వచ్చినదాన్ని ఒక పద్దులో, ఇంట్లోంచి స్తంభానికి వెళ్ళినదాన్ని రెండో పద్దులో రాస్తాను. అందరూ నన్ను నెట్ మీటరు అంటారు. నా ఒంటి మీద చిన్న ఎర్ర దీపం ఆగి ఆగి వెలుగుతుంటుంది. అది 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్. నెలకోసారి వచ్చే రీడరు నా రెండు అంకెలూ నమోదు చేసుకుంటాడు. వచ్చినదాంట్లోంచి వెళ్ళినది తీసేసి, మిగిలినదానికే బిల్లు.

నేను ఈ గోడ ఎక్కింది 2024లో. ఆ ఏడాది ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. కోటి ఇళ్ళకు సోలార్ పెట్టించాలన్నది దాని లక్ష్యం. 2 కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లు లేదా అంతకు మించితే మొత్తం 78,000 రాయితీ. ఈ ఇంటి పెద్దాయన రిటైరైన లెక్కల మాస్టారు. పేపర్లో ఆ వార్త చదివిన రోజే టేపు పట్టుకుని డాబా ఎక్కారు. కిలోవాటుకు సుమారు నూరు చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. నీళ్ళ ట్యాంకు నీడ, పక్క పెరట్లోని కొబ్బరిచెట్టు నీడ పడని చోటు మూడు కిలోవాట్లకు సరిపోయింది. విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరాన పదహారున్నర డిగ్రీల దగ్గర ఉంది. అందుకని ప్యానెళ్ళను దక్షిణ ముఖంగా, ఇంచుమించు అంతే వాలుతో నిలబెట్టించారు.

వెలుతురు నుంచి కరెంటు పుడుతుందని 1839లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకరెల్ గమనించాడు. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ చూపించిన సిలికాన్ సెల్ తన మీద పడ్డ ఎండలో దాదాపు 6 శాతాన్ని కరెంటుగా మార్చింది. మా డాబా మీది ప్యానెళ్ళు 20 శాతానికి పైగా మారుస్తాయి. అక్కడ పుట్టిన డీసీ కరెంటును మెట్ల కింద ఉన్న ఇన్వర్టరు ఏసీగా మార్చి ఇంటికి అందిస్తుంది. ఇంటి అవసరం తీరాక మిగిలింది నా దగ్గరికొస్తుంది.

పొద్దున ఎనిమిది దాకా నా మొదటి పద్దే నడుస్తుంది. మొదట్లో నీళ్ళ మోటారు, మిక్సీ, గీజరు అన్నీ ఒకేసారి నడిచిన వేళ అది. తొమ్మిది దాటాక దీపం జోరు తగ్గుతుంది. కాసేపటికి కరెంటు దిశ మారి, రెండో పద్దులో అంకె కదలడం మొదలవుతుంది. పదకొండు, పన్నెండు గంటల వేళ డాబా మీద రెండు కిలోవాట్లకు పైగా పుడుతుంటే, కింద ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు కలిసి మూడు వందల వాట్లు కూడా వాడవు. మిగతాదంతా నన్ను దాటి బయటికి వెళ్తుంది. అది ఎంతో దూరం పోదు. అదే ట్రాన్స్‌ఫార్మరు మీదున్న పక్కింటి ఏసీకో, వీధి చివర టైలరు కుట్టుమిషనుకో అందుతుంది. ఒక్క మబ్బు అడ్డొస్తే చాలు, నా లెక్క మళ్ళీ మొదటి పద్దుకు తిరుగుతుంది.

మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు సగటున రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి. అంటే నెలకు 350 దాకా. ఈ ఇంటి వాడకం కూడా ఇంచుమించు అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సవరించిన ధరల ప్రకారం ఇళ్ళకు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున పడితే, 400 దాటాక యూనిట్‌కు 9.75 పడుతుంది. అంచెలంచెలుగా పెరిగే ఆ ధరల నుంచి ఈ ఇల్లు ఒక్కసారిగా బయటపడింది. స్థిర చార్జీలు తప్ప బిల్లులో పెద్దగా ఏమీ మిగల్లేదు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు.

మాస్టారు మాత్రం అక్కడితో ఆగలేదు. ఒక నోటు పుస్తకంలో గీతలు కొట్టి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకోబోయే ముందు నా రెండు అంకెలూ రాసుకోవడం మొదలుపెట్టారు. నేను ఏనాటి నుంచో చూస్తున్నది ఆయనకు కాగితం మీద కనిపించింది. డాబా మీద పుట్టిన కరెంటులో ఎక్కువ భాగం పగలు బయటికి పోతోంది. ఇంటికి కావలసింది రాత్రి బయటి నుంచి వస్తోంది. నెలాఖరుకు రెండూ చెల్లుకు చెల్లు. కానీ రాత్రి తొమ్మిదింటికి నన్ను దాటి లోపలికొచ్చే యూనిట్ సూర్యుడిది కాదు. చాలావరకు అది ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం లాంటి చోట బొగ్గు మండిస్తే వచ్చింది. ఒక్కో యూనిట్‌కు అరకిలోకు పైగా బొగ్గు కాలాలి.

పగలు మేం బయటికి పంపింది వృథా అని నేననను. పక్కింటికి అందిన ప్రతి యూనిట్ అంతమేరకు బొగ్గును ఆపుతుంది. అయితే దేశంలో సోలార్ సామర్థ్యం 2025 జనవరిలో లక్ష మెగావాట్లు దాటింది. మిట్టమధ్యాహ్నం కరెంటు ఇచ్చేవాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు. పొద్దు వాలాక దీపాలు, టీవీలు, ఏసీలు ఒక్కసారిగా వేసుకునే జనమూ పెరుగుతున్నారు. ఆ సాయంత్రపు బరువును మోసేది ఇప్పటికీ ఎక్కువగా బొగ్గే. అందుకే నేను చెప్పాలనుకున్నది ఒకటే. ఎంత కరెంటు పుట్టించామన్నది సగం మాట. ఏ పూట వాడుకున్నామన్నది మిగతా సగం.

ఈ మాటను ఇంట్లో పనిలోకి తెచ్చింది కోడలమ్మ. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఒక రాత్రి అత్తగారు గ్రైండరు కడుగుతుంటే అడిగింది.

"అత్తయ్యా, పప్పు ఇప్పుడు రుబ్బడం ఎందుకండీ? రేపు పదింటికి వేద్దాం. అప్పుడైతే మన డాబా కరెంటే సరిపోతుంది."

"పొద్దున్నే ఇడ్లీ వద్దా అమ్మా?"

"రేపొక్క పూటకు ఉప్మా చేస్తాను. పదింటికి రుబ్బితే రాత్రికి పొంగుతుంది. పడుకోబోయే ముందు ఫ్రిజ్‌లో పెడితే ఎల్లుండికి ఇడ్లీ."

ఆ తర్వాత నీళ్ళ మోటారు పదకొండింటికి మారింది. వాషింగ్ మిషను, ఇస్త్రీ కూడా ఎండ వేళకే వచ్చాయి. 75 వాట్ల పాత ఫ్యాన్లు పాడైనప్పుడల్లా వాటి బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు బిగించారు. రాత్రంతా తిరిగేవి ఫ్యాన్లే కనుక నా మొదటి పద్దు బాగా తేలికపడింది.

కోడలమ్మ ఎలక్ట్రిక్ స్కూటరు కథ కూడా ఇలాంటిదే. ఆసుపత్రికి పోనూ రానూ ఇరవై నాలుగు కిలోమీటర్లు. నెలకు ఆరు వందలు అనుకోండి. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే పెట్రోలు బండికైతే పదమూడు లీటర్లు కావాలి. లీటరు నూరు దాటిన ధరలో అది 1,300 రూపాయలకు పైమాటే. ఈ స్కూటరుకు చార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకున్నా ఇరవై, ఇరవై రెండు యూనిట్లు చాలు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు. అంటే గ్రిడ్ కరెంటుతో నడిపినా స్కూటరు పొగ సగమే. ఎండ కరెంటుతో నడిపితే ఆ సగం కూడా దాదాపు ఉండదు.

మొదట్లో ఆవిడ ఇంటికి రాగానే, రాత్రయినా సరే, ప్లగ్గు పెట్టేది. మాస్టారి పుస్తకం చూశాక తన డ్యూటీల ప్రకారం వేళలు సర్దుకుంది. మధ్యాహ్నం డ్యూటీ అయితే పొద్దున పదింటికి, నైట్ డ్యూటీ అయితే పగలు తను పడుకునే వేళకు, పొద్దుటి డ్యూటీ అయితే రెండున్నరకు వచ్చి కాసేపు బండి చల్లారనిచ్చి చార్జింగ్ పెడుతుంది. వేడి మీద చార్జి చేస్తే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఆ సాకెట్‌కు విడిగా మంచి ఎర్తింగ్ కూడా వేయించారు. 2022లో కొన్ని స్కూటర్లు తగలబడ్డాక ప్రభుత్వం బ్యాటరీ భద్రతా నిబంధనలు గట్టి చేసింది. ఇంటి వైరింగ్‌ను చూసుకోవలసింది మాత్రం ఇంటివాళ్ళే. కొడుకు ఎలక్ట్రిక్ కారు కొందామంటే మాస్టారు ముందు లెక్క వేయమన్నారు. 30 యూనిట్ల బ్యాటరీ ఒక్కసారి నిండాలంటే మా డాబా రెండున్నర రోజులు పనిచేయాలి. రోజూ దూరాలు తిరిగే కారైతే ప్యానెళ్ళు పెంచుకోవలసిందే.

నా వల్ల కానిది కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మా వీధికీ సరఫరా ఆపేశారు. తర్వాత ఎండ కాసింది, ప్యానెళ్ళు మెరుస్తున్నాయి, ఇంట్లో మాత్రం ఫ్యాను తిరగలేదు. స్తంభంలో కరెంటు లేకపోతే మా ఇన్వర్టరు దానంతటదే ఆగిపోతుంది. లేకుంటే ఇంటి కరెంటు తీగల్లోకి ఎక్కి, బాగుచేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. కరెంటు పోయినా ఇల్లు నడవాలంటే విడిగా బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టరు కావాలి. సోలార్ పెట్టించుకునేవాళ్ళు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఎండ ఎంత ఎక్కువైతే కరెంటు అంత ఎక్కువన్న లెక్క కూడా నా పద్దుల్లో తేలలేదు. రోహిణి కార్తెలో ప్యానెల్ అద్దం 60 డిగ్రీలు దాటి కాలుతుంది. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకీ మూడోవంతు శాతం దాకా కరెంటు తగ్గుతుంది. ఆపైన దుమ్ము. వారానికోసారి మాస్టారు తెల్లవారకముందే మెత్తటి గుడ్డతో ప్యానెళ్ళు తుడుస్తారు. బోరు నీళ్ళు వాడితే తెల్లటి ఉప్పు చారలు పడుతున్నాయని కుళాయి నీళ్ళే పట్టుకెళ్తారు. కాలే అద్దం మీద చల్లటి నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదముంది కనుక మధ్యాహ్నం ఎవరినీ చెయ్యి పెట్టనివ్వరు. పక్కింటి కొబ్బరిమట్ట ఒకటి పెరిగి ఒక్క ప్యానెల్ అంచు మీద నీడ పడినా, గొలుసుగా కలిపి ఉన్నందువల్ల మిగతావాటి కరెంటూ పడిపోయింది. నా అంకె చూసి డాబా ఎక్కిన మాస్టారు, పక్కింటివాళ్ళనడిగి ఆ మట్ట కొట్టించారు.

ఈ ప్యానెళ్ళకు పాతికేళ్ళ హామీ ఉంది. స్కూటరు బ్యాటరీ అంతకు చాలా ముందే అలసిపోతుంది. అప్పుడు ఆ బ్యాటరీని పాత ఇనప సామాను వాళ్ళకు వేయకూడదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని శుద్ధి చేయించాల్సిన బాధ్యత తయారీదారులది. ఆ కాగితాలు మాస్టారు ఇప్పటినుంచే ఫైలులో దాచారు.

ప్యానెళ్ళు లేని ఇంట్లోనూ, అద్దె ఇంట్లోనూ, అపార్ట్‌మెంట్‌లోనూ మీటరు ఉంటుంది. మధ్యాహ్నం తీగల్లో ఎండ కరెంటు పాలు ఎక్కువ కనుక మోటారు వేళ మార్చుకుంటే ఫలితం వాళ్ళదీ అవుతుంది. ఒక వారం మీ మీటరును చదవండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి ఎంత ఎక్కిందో రాసుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటే ఎన్ని ప్యానెళ్ళు కావాలో, ముందు ఏ ఫ్యాను మార్చాలో, బండికి ఏ వేళ ప్లగ్గు పెట్టాలో ఇంకొకర్ని అడగనక్కర్లేదు.