మేడ మీద సూర్యుడు, కింద ఉక్కపోత

బెజవాడలో వేసవి వస్తే ఎండను తిట్టనివాడు మనిషి కాదు. మా ఇంట్లో ఆ తిట్లు ఆగిపోయాయి. మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం మరి. పేపర్లో ‘భానుడి భగభగలు’ అని పడితే చాలు, “ఇవాళ యూనిట్లు బాగా వస్తాయండీ” అని మా ఆవిడ మురిసిపోతుంది. నిజానికి వేడి ముదిరితే ప్యానెల్ కూడా మనలాగే డీలా పడుతుంది. దానికి కావలసింది వెలుతురు, సెగ కాదు. ఆ మాట చెప్పి ఆవిడ ఆనందం పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను.

ఎదురింటి మాస్టారు మేడెక్కి, ఇన్వర్టర్ చుట్టూ ప్రదక్షిణ చేసి, “బ్యాటరీ ఏదండీ?” అన్నారు.

“లేదండీ.”

“మరి రాత్రికి?”

“చేబదులే. పగలు మనం వాడగా మిగిలింది లైన్లోకి పోతుంది. రాత్రి లైన్లోంచి తెచ్చుకుంటాం. రానూపోనూ మీటరు లెక్కేస్తుంది, తేడాకే బిల్లు.”

ఆయన చాలాసేపు ఆలోచించి, “మనమిచ్చిన కరెంటే తిరిగిస్తారని నమ్మకం ఏమిటి?” అన్నారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి!

అసలు కిటుకు బిల్లు స్లాబుల్లో ఉంది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది కదా, సోలార్ ముందుగా తెగ్గోసేది పైనున్న ఆ ఖరీదైన యూనిట్లనే. కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్ల చొప్పున మా మేడ 12 దాకా ఇస్తుంది. ఏసీ ఉన్న ఇంటికి అది ఎంత ఊరటో బిల్లు కట్టేవాడికే తెలుసు.

మా అమ్మకు మాత్రం ఈ లెక్కలు పట్టవు. వడియాలు పెట్టుకునే చోటు 300 చదరపు అడుగులు పోయిందని ఆవిడ బాధ. ఒకరోజు దండెం మీద తన నేత చీర ఆరేసింది. దాని అంచు నీడ ఒక్క ప్యానెల్ మీద పడితే ఆ వరుస మొత్తం నీరసపడింది. చీర జరపమన్నాను. “ఒరే, నా చీర నీడకు కూడా లెక్క కడుతున్నావా?” అంది. సమాధానం లేదు, కడుతున్నాను.

మే నెల మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. దాంతోపాటే సోలారూ ఆగింది. “నెత్తిన అంత ఎండుంటే ఫ్యాను తిరగదేంరా?” అంది అమ్మ. లైన్లో కరెంటు లేకపోతే మన ఇన్వర్టర్ కూడా తనంతట తానే ఆగిపోతుందనీ, లేకపోతే మన కరెంటు తీగల్లోకి పాకి స్తంభం మీదున్న లైన్‌మన్‌కు షాక్ కొడుతుందనీ చెప్పాను. “ఆ అబ్బాయి చల్లగా ఉండాలి. మరి మనమో?” అంటూ విసనకర్ర అందుకుంది. పక్కింట్లో పాత బ్యాటరీతో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. వాళ్ళు కిటికీలోంచి మమ్మల్ని జాలిగా చూశారు.

కాబట్టి కోతలు ఎక్కువున్న ఊళ్ళో బ్యాటరీ లేని సోలార్ పెట్టించుకుని నన్ను తిట్టకండి. బిల్లే మీ బాధైతే నిశ్చింతగా పెట్టించండి. సున్నా బిల్లు మాత్రం ఆశించవద్దు, ఫిక్స్‌డ్ ఛార్జీలు సూర్యుడికి కూడా లొంగవు. సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయల సబ్సిడీ, అంతా బిగించి మీటరు మార్చాకే ఖాతాలో పడుతుంది. అందాకా డబ్బు సిద్ధంగా ఉంచుకోండి. దండెం ఎక్కడ కట్టాలో ఇంట్లో పెద్దవాళ్ళను ముందే అడగండి.