సర్వరప్ప

మా బాగలూరులో పొద్దున్నే ఎవర్ని కదిలించినా గులాబీ కట్ట రేటు చెప్తారు. సర్వరప్పను కదిలిస్తే అప్‌టైమ్ చెప్తాడు. "ముప్పై ఏడు దినాలాయెన్నా, ఒక్క తూరి కూడా నిలవలే!" కొడుకు వయసెంతప్పా అనడగండి, పెండ్లాన్ని పిలుస్తాడు. ఇట్లాంటోళ్లు ఇప్పుడు ఊరికొకరు తయారైనారు. మా వాటాకు ఈయన వచ్చాడు.

సర్వరంటే మరేం లేదు. మూత పీకేసిన పాత డెస్క్‌టాపు. దాంట్లో పెళ్లి ఫోటోలు, కొన్ని సినిమాలు, వాళ్ల నాయన భూమి పత్రాల స్కానులు. ఇవన్నీ గూగులోళ్లు దాచిపెడతారు కదప్పా అంటే ఆయనకు మంట. "మన పత్రాలు పరాయోళ్ల ఇంట్లో ఏలన్నా?"

మాట న్యాయమైనదే. చిక్కల్లా సొంతింటికి డోరు నంబరు లేకపోవడం. ఇంటర్నెట్‌లో డోరు నంబర్లిచ్చే ఐపీవీ4లో మొత్తం ఉన్నవే 430 కోట్ల దాకా చిరునామాలు. మన ఆసియా పసిఫిక్ వాటా 2011 ఏప్రిల్‌కే దాదాపు అడుగంటింది. దాంతో ఇంటర్నెట్ కంపెనీలు ఒక్కో చిరునామా వెనకాల వందల ఇళ్లను కూర్చోబెట్టాయి. దాని పేరు సీజీనాట్. లోపల్నుంచి మనం ఎక్కడికైనా పోవచ్చు, బయటోళ్లు మాత్రం మన తలుపు తట్టలేరు. రౌటరులో దాని గుర్తుగా 100.64తో మొదలయ్యే నంబరు కనబడిన రోజు సర్వరప్ప అన్నం ముట్టలేదట. స్టాటిక్ ఐపీ కావాలని ఫోన్ చేస్తే అవతలి పిల్ల, "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేసినారా సార్?" అనిందట. చివరికి నెలనెలా అదనంగా కట్టి నంబరు తెచ్చుకున్నాడు.

తలుపు తెరిచిన రాత్రే చుట్టాలు దిగారు. పాస్‌వర్డులు ఊహించి చూసే బాట్లకు ఊరూ పేరూ అక్కర్లేదు, పోర్టు 22 తెరిచుంటే చాలు. తెల్లారి లాగ్ చూసి ఈయన ఉబ్బిపోయాడు. "ఎన్ని దేశాలోళ్లు తట్టినారో చూడన్నా! అందరూ 'రూట్' పేరు చెప్పినోళ్లే!" లోపల్నుంచి వాళ్లమ్మ: "అంత దూరం నించి వస్తే కాపీ అన్నా ఇచ్చినావేమిరా?"

నెలకొక దినం మరమ్మతులని పగలంతా కరెంటు తీస్తారు. ఊరికి ఆ పూట మిక్సీ ఆగుతుంది, ఈయనకు రికార్డు పోతుంది. యూపీఎస్ కీచుమంటుంటే దాని పక్కనే కూర్చుంటాడు. ఎవరూ పలకరించరాదు.

ఇంత సంబరంలో ఆ ఫోటోలు చూసేదెవరని నాకు అనుమానం. పోయినవారం నోరు తెరిచి అడిగేశాను. లింకు ఇచ్చాడు, పాస్‌వర్డు ఇచ్చాడు, అరనిమిషానికొకటి మారిపోయే ఆరంకెల కోడు చదివి వినిపించాడు. మూడో కోడు కొడుతుండగా వాళ్లావిడ, "ఏ ఫోటోనన్నా, తలంబ్రాలదా?" అని వాట్సాప్‌లో పంపేసింది. సర్వరప్ప ఆ మాట వినలేదు. లాగ్ తెరిచి, నేను లోపలికొచ్చిన గంటా నిమిషమూ వేలితో చూపిస్తున్నాడు.