అలకపాన్పు ఎక్కిన కుక్కకు ఇంటి భోజనం: తప్పక బెడిసికొట్టే ఆరు సూత్రాలు

ప్యాకెట్ గుళికల మీద మీకు ఉన్నట్టుండి విరక్తి కలిగింది. ఇక నుంచి చికెన్, గుమ్మడికాయ, క్యారెట్ ఉడికించి తాజాగా పెడదామని తీర్మానించారు. సంతోషం. తీరా పెట్టాక ఏమైంది? కుక్క గిన్నెను వాసన చూసింది, మీ మొహం చూసింది, సోఫా కిందికి వెళ్లి పడుకుంది. పిల్లి అంతకన్నా స్పష్టంగా చెప్పింది. గిన్నె చుట్టూ ముందుకాలితో గచ్చును గీకి, లేని మట్టిని మీ వంట మీద కప్పి వెళ్లిపోయింది. ఏం ఫరవాలేదు. కింది సూత్రాలను తు.చ. తప్పకుండా పాటించండి. నెల తిరిగేసరికి గుళికల సంచి మళ్లీ ఇంటికొస్తుంది, తప్పు మాత్రం కుక్కదే అవుతుంది.

1. మార్పు ఒక్కపూటలో జరగాలి

పశువైద్యులు వారం, పది రోజులు తీసుకోమంటారు. మొదట పాత తిండిలో పావు వంతు కొత్తది, రెండు మూడు రోజులాగి సగం, ఆ తర్వాత ముప్పావు. అంత ఓపిక ఎవరికుంది? ఆదివారం పొద్దున్నే చికెన్ సెంటర్ ముందు నిలబడి తెచ్చిన ఉత్సాహం సోమవారానికి ఉండదు కదా! అందుకే గిన్నె నిండా కొత్త తిండే పెట్టేయండి. తింటే అర్ధరాత్రి కడుపు పట్టుకోలేక తలుపు గీకుతుంది. తినకపోతే మీ వంట నచ్చలేదన్నట్టు. ఎటు తిరిగినా, "దీనికి ఇంటి తిండి పడదండీ" అని తీర్పు చెప్పడానికి ఆధారం దొరికినట్టే.

2. గిన్నెను పొద్దస్తమానం అక్కడే ఉంచండి

పదిహేను, ఇరవై నిమిషాలు చూసి, ముట్టకపోతే కిమ్మనకుండా గిన్నె తీసేసి, మళ్లీ వేళకే పెట్టాలన్నది తెలిసినవాళ్లు చెప్పే మాట. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒక పూట మానేస్తే కొంప మునగదు. 'ఆకలి రుచెరుగదు' అన్నది కుక్కల విషయంలో చాలావరకు నిజం. కానీ ఆకలి వేయడానికి అవకాశం ఇస్తే కదా! మీరు మాత్రం గిన్నెను కదపకండి. మే నెల ఎండకు మధ్యాహ్నానికల్లా చికెన్ వాసన మారుతుంది, చీమలు బారులు తీరతాయి. రాత్రి మీరే ఎత్తి పారేస్తూ, డబ్బులన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయని వాపోవచ్చు. అయితే నిన్నటిదాకా అన్నీ తిన్న కుక్క హఠాత్తుగా తిండి మానేసి నీరసంగా ఉంటే అది అలక కాదు. పన్నో, పొట్టో చూపించుకోవలసిన పని.

3. బతిమాలండి, లంచం పెంచండి

అలకపాన్పు ఎక్కిన కొత్త అల్లుడికీ మీ కుక్కకూ ఒక్క సూత్రం బాగా తెలుసు: మొదటి బేరానికి దిగకూడదు. చికెన్ వద్దంటే గుడ్డు తెండి. గుడ్డు వద్దంటే పెరుగన్నం కలపండి. అదీ వద్దంటే పక్కన కూర్చుని ముద్దలు చేసి నోటికి అందించండి. ఆఖరికి బిస్కెట్ ప్యాకెట్ విప్పండి. కుక్క ఈ పాఠాన్ని రెండే పూటల్లో నేర్చుకుంటుంది. జీర్ణక్రియ మీద పరిశోధనకు పావ్లోవ్‌కు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన ప్రయోగశాలలో సంకేతం అందితే కుక్కకు నోరూరేది. మీ ఇంట్లో కుక్క మొహం తిప్పితే మనిషి ఫ్రిజ్ తెరుస్తాడు. శిక్షణ దిగ్విజయంగా పూర్తయింది, ఎవరికి అన్నదే తేలాలి.

4. ఇంటిల్లిపాదీ ఒకరికి తెలియకుండా ఒకరు సహకరించాలి

"అత్తయ్యా, దీనికి మీరేమైనా పెట్టారా?"

"నేనా? ఒక్క రస్కు ముక్క. అది కూడా దాని కళ్లు చూడలేక."

బాబు చిప్స్ పెట్టాడు, బాబు వాళ్ల నాన్న ఆమ్లెట్ అంచు పెట్టాడు, కింద వాచ్‌మన్ బిస్కెట్లు పెట్టాడు. అందరూ "ఒక్కటే" పెట్టారు. పది కిలోల కుక్కకు ఇన్ని ఒకట్లు కలిస్తే పూట గడిచిపోతుంది. సాయంత్రం మీ చికెన్ గిన్నె ముందు అది నిరాహార దీక్షకు కూర్చుంటే అందరూ కలిసి జాలిపడండి: "పాపం, పొద్దుటినుంచి ఏమీ తినలేదు."

5. మీ నాలుకకు నచ్చేలా వండండి

మనిషి నాలుక మీద సుమారు తొమ్మిది వేల రుచి మొగ్గలుంటే కుక్కకు పదిహేడు వందలు, పిల్లికి ఐదు వందల లోపే. వాటి భోజనం ముక్కుతో మొదలవుతుంది. గోరువెచ్చగా ఉంటే కొవ్వు వాసన పైకి లేస్తుంది, అందులోనూ పిల్లికి ఒంటి వేడిమికి దగ్గరగా ఉన్న తిండంటే మక్కువ. కాబట్టి మీరు ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టే, గడ్డలుగా పెట్టండి. ముద్దు ఎక్కువైతే పిల్లికి పాయసం పెట్టండి. తీపిని గుర్తించే జన్యువు పిల్లుల్లో పనిచేయదని శాస్త్రవేత్తలు 2005లోనే తేల్చారు, అయినా మీ తృప్తి మీది.

తాలింపు జోలికి మాత్రం వెళ్లకండి. ఈ మాటలో వెటకారం లేదు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, పిల్లులకు మరీ ప్రమాదం. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషం. ఉడికిన ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది.

6. తాతగారి ఊరి కుక్కను ఉదాహరణగా చూపండి

"మా ఊళ్లో కుక్క పెరుగన్నం తిని పదేళ్లు బతికింది" అని ఎవరో ఒకరు అనే తీరతారు. ఆ కుక్క పెరుగన్నం తిన్నాక ఊరంతా తిరిగి ఎలుకను పట్టింది, కోళ్లు కోసిన చోట పేగులు, ఎముకలు తిన్నది. మూడో అంతస్తులోని మీ కుక్కకు ఆ కొసరు లేదు. ఉత్త చికెన్, అన్నం నెలల తరబడి పెడితే కాల్షియం చాలక ఒళ్లు ఎముకల నుంచే లాక్కుంటుంది. ఏది ఎంత కలపాలో వైద్యుణ్ని అడిగితే సరిపోతుంది, కానీ తాతగారి మీద గౌరవం తగ్గిపోతుందేమో!

పిల్లి విషయంలో ఈ పెద్దరికాలేవీ పనికిరావు. అది పుట్టు మాంసాహారి. టారిన్ అనే పోషకం అందకపోతే పిల్లి గుండె కండరం బలహీనపడుతుందని 1987లో తేలింది. చూపూ దెబ్బతింటుంది. పాలన్నంతో ఆ లోటు తీరదు. ఆకలితో మాడ్చి లొంగదీద్దామనుకుంటే సామెత కూడా తప్పుతుంది. రెండు మూడు రోజులు తినని పిల్లికి, అందులోనూ బొద్దుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఒక రోజంతా ముట్టకపోతే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. పాత గుళికల పక్కనే చిటికెడు కొత్తది, దాని మీద గుళికల పొడి, ఇలా వారాలు, అవసరమైతే నెలలు పడుతుంది. ఈ యుద్ధంలో గెలిచేది పిల్లే, మీరు సంధి షరతులు రాసుకోవడమే మిగిలింది.

సూత్రాలన్నీ ఫలించాక కుక్కను ఆసుపత్రికి తీసుకెళ్లి, "ఏమీ తినడం లేదు డాక్టర్ గారూ" అని చెప్పండి. ఆయన దాన్ని తూకం మీద నిలబెట్టి, పోయినసారి కన్నా కిలో పెరిగిందంటారు. అప్పుడు ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోవాలి. రస్కు మాట మాత్రం ఎవరూ ఎత్తకూడదు.